కువైట్‌కు ఒక లెక్క, రువాండాకు ఒక లెక్కా?

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి సభ్య దేశాల ప్రతినిధులకు,

నమస్కారం. రువాండా జాతిహననంపై విచారణకు మీరు టాంజానియాలోని అరూషాలో పెట్టిన ట్రిబ్యునల్ 2015 డిసెంబరు 31న మూతపడింది. మిగిలిన పనులు చూసే యంత్రాంగానికి రెండేళ్లకోసారి గడువు పొడిగిస్తూ వచ్చారు. పొడిగించిన ప్రతిసారీ త్వరగా తేల్చండి, ఖర్చు తగ్గించండి అంటున్నారు. తేల్చండి, ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే కొట్టు మూసేవాడు ముందు బాకీల పుస్తకం తిరగేస్తాడు. మీ పుస్తకంలో ఒక బాకీ 2000 సంవత్సరం నుంచి కదలకుండా ఉంది.

ఆ ఏడాది నవంబరులో ట్రిబ్యునల్ అధ్యక్షురాలు నవనీతం పిళ్లై తోటి న్యాయమూర్తుల తరఫున ప్రధాన కార్యదర్శికి ఒక లేఖ పంపారు. జాతిహననం బాధితులకు పరిహారం అందాలి, ఆ పని చేయగల అధికారం గానీ వనరులు గానీ ట్రిబ్యునల్‌కు లేవు, కాబట్టి వేరే ఏర్పాటు ఆలోచించండి అన్నది దాని సారాంశం. లేఖ మీ మండలి బల్ల మీదికి చేరింది. ఫైలు నంబరు కూడా పడింది. ఆ తర్వాత ఏర్పాటూ లేదు, నిధీ లేదు. అడిగింది ఎవరో ఊరూపేరూ లేని అర్జీదారు కాదు, మీరు పెట్టిన ట్రిబ్యునల్ న్యాయమూర్తులే. వాళ్లకే ఆ గతి పట్టినప్పుడు రాజంపేట నుంచి రాసే నాకు జవాబు వస్తుందన్న భ్రమ లేదు. అయినా రాయడానికి నాకొక కారణం ఉంది: ఇరాక్ దాడితో కువైట్ వదిలి వచ్చినవాళ్లకు పరిహారం ఇప్పించింది మీరే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు మన తెలుగు పాఠకుల కోసం నాలుగు మాటలు, మీరు ఓపిక పట్టండి. 1994 ఏప్రిల్ 7 నుంచి జూలై నడిమి దాకా, సుమారు వంద రోజుల్లో, రువాండాలో ఎనిమిది లక్షల మందికి పైగా మనుషుల్ని చంపారు. రువాండా ప్రభుత్వ లెక్క పది లక్షలు దాటుతుంది. చనిపోయినవారిలో అత్యధికులు ఆ దేశంలో మైనారిటీ జాతి అయిన టుట్సీలు. చంపించినవారిది మెజారిటీ హుటూ జాతి, అయినా టుట్సీలను దాచిపెట్టిన, ఈ పని తప్పన్న హుటూలనూ వదలలేదు. దీన్ని రెండు తెగల కొట్లాటగా చాలామంది ఇప్పటికీ చెప్పుకుంటారు. కొట్లాటకు జాబితాలు అక్కర్లేదు. గుర్తింపు కార్డు మీద జాతి రాయించే పద్ధతిని బెల్జియం పాలకులు 1930లలో మొదలుపెట్టారు. ఆ గడిలో రాసిన మాటను బట్టి 1994లో రోడ్డుకు అడ్డంగా పెట్టిన దుంగల దగ్గర ఎవరిని పోనివ్వాలో, ఎవరిని పక్కకు లాగాలో తేల్చారు. 1993 జనవరి నుంచి 1994 మార్చి లోపు ఆ చిన్న దేశం అయిదు లక్షలకు పైగా కత్తులు దిగుమతి చేసుకుంది. రేడియోలో మనుషుల పేర్లు, దాక్కున్న చోట్లు చదివారు. ఇదంతా ఆఫీసులు, గుమస్తాలు, రసీదులు ఉంటేనే జరిగే పని.

ఆ రోజుల్లో మీ మండలి చేసిన పని మీ రికార్డుల్లోనే ఉంది. రాజధాని కిగాలీలోని ఒక సాంకేతిక పాఠశాలలో మీ శాంతి సేనలోని బెల్జియం సైనికుల అండన రెండు వేల మందికి పైగా జనం తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న సైనికులు లారీలెక్కి వెళ్లిపోయారు. బయట కాచుకున్న హంతకులు ఆ జనాన్ని న్యాంజా గుట్ట దాకా నడిపించి చంపారు. పది రోజులకు, ఏప్రిల్ 21న, మీరు 912వ తీర్మానం చేసి రెండున్నర వేల శాంతి సేనను 270 మందికి కుదించారు. అప్పుడు రువాండాకు మండలిలో సభ్యత్వం ఉంది. అంటే చంపిస్తున్న ప్రభుత్వం ప్రతినిధి మీ బల్ల దగ్గరే ఓటు హక్కుతో కూర్చున్నాడు. 1999లో ఇంగ్వార్ కార్ల్‌సన్ నాయకత్వంలో జరిగిన స్వతంత్ర విచారణ ఐక్యరాజ్య సమితి వ్యవస్థ మొత్తం విఫలమైందని రాసింది. 1994 ఏప్రిల్‌లో మండలి అధ్యక్షుడిగా ఉన్న న్యూజిలాండ్ రాయబారి కోలిన్ కీటింగ్ ఇరవై ఏళ్ల తర్వాత మీ ముందుకొచ్చి క్షమాపణ కోరారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ 1998లో కిగాలీ వెళ్లి విచారం తెలిపారు. 2000లో బెల్జియం ప్రధాని క్షమించమన్నారు. 2021లో ఫ్రాన్స్ అధ్యక్షుడు తమ దేశం బాధ్యతను ఒప్పుకున్నారు. వీటిలో ఒక్క క్షమాపణ వెంటా బాధితులకు పరిహారం రాలేదు.

అరూషా ట్రిబ్యునల్‌ను నేను తీసిపారేయను. 1998 సెప్టెంబరు 2న టాబా అనే ఊరి మేయరు అకాయేసును దోషిగా తేల్చినప్పుడు జాతిహననం నేరానికి ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన మొదటి తీర్పు అదే అయింది. ఒక జాతిని తుడిచిపెట్టే ఉద్దేశంతో చేసే అత్యాచారం కూడా జాతిహననమేనని తేల్చిన మొదటి తీర్పూ అదే. అభియోగ పత్రంలో మొదట ఆ నేరం లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన స్త్రీలు వేరే విషయం చెబుతూ చెబుతూ దాన్ని బయటపెట్టారు. వాళ్లు నోరు విప్పకపోతే ఆ తీర్పు లేదు. ప్రపంచంలోని న్యాయ కళాశాలలన్నీ పాఠంగా చెప్పుకునే తీర్పును ఇచ్చింది ఒక రకంగా ఆ ఊరి ఆడవాళ్లే.

మరి వాళ్లకు ట్రిబ్యునల్ ఇచ్చిన హోదా ఏమిటి? సాక్షి. అంతే. కేసులో వాళ్లు కక్షిదారులు కారు, వాళ్ల తరఫున వకీలు లేడు, నష్టాన్ని లెక్కగట్టే నిబంధన లేదు. దొంగిలించిన ఆస్తి తిరిగి ఇప్పించవచ్చని ఒక మాట, పరిహారం కావాలంటే మీ దేశంలోని కోర్టులకు వెళ్లండని మరొక మాట రాసి చేతులు దులుపుకున్నారు. విచారణ నడిచిన చోటు పరాయి దేశం, నడిచిన భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచి. బుటారే ప్రాంతంలో జరిగిన హత్యలపై కేసు 2001 జూన్‌లో మొదలైతే తీర్పు వచ్చింది 2011 జూన్‌లో, అప్పీలు తేలింది 2015 డిసెంబరులో. ఆ కేసులోనే, 2001 అక్టోబరులో, పలుమార్లు అత్యాచారానికి గురైన ఒక సాక్షిని నిందితుల వకీలు ఎదురు ప్రశ్నలు వేస్తూ ఆ రోజుల్లో నువ్వు స్నానం చేశావా లేదా అని తవ్వుతుంటే న్యాయపీఠం మీది పెద్దలు నవ్వారు. వకీలు ప్రశ్నల తీరు చూసి నవ్వామే గానీ సాక్షిని చూసి కాదని తర్వాత వివరణ వచ్చింది. బోనులో నిలబడ్డ మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? 2002 జనవరిలో బాధితుల సంఘాలు ఇబుకా, అవేగా ట్రిబ్యునల్‌కు సహకారం ఆపేశాయి. ఆపడం న్యాయమే.

ఇంతకన్నా గుండె మండించే సంగతి మందులది. అత్యాచారాల నుంచి బతికి బయటపడ్డ వెయ్యి మందికి పైగా స్త్రీలకు అవేగా పరీక్షలు చేయిస్తే మూడింట రెండు వంతుల మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. అరూషా జైలులో ఉన్న నిందితులకు హెచ్‌ఐవీ మందులు ఐక్యరాజ్య సమితి ఖర్చుతో క్రమం తప్పకుండా అందాయి. వాళ్ల మీద సాక్ష్యం చెప్పి ఇంటికి తిరిగి వచ్చిన ఆడవాళ్లకు ఆ మందులు అందలేదు, కొందరు కేసు ముగిసే లోపే చనిపోయారు. ఏళ్లు గడిచాక కిగాలీలో సాక్షుల కోసం వైద్య సాయం ఏర్పాటైంది. అప్పటికి ఆలస్యమైపోయినవాళ్లు ఆలస్యమైపోయారు. ఖైదీకి మందులివ్వడం తప్పని నేననను, ఇవ్వాల్సిందే. నిర్దోషులుగా తేలినవారు, శిక్ష పూర్తిచేసినవారు ఎనిమిది మందికి ఉండడానికి చోటు వెతికి 2021లో నైజర్ దాకా పంపించారు. అదీ ఎవరో ఒకరు పట్టించుకోవాల్సిన పనే. కానీ 93 మందిపై అభియోగాలు మోపి, దాదాపు 200 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన వ్యవస్థలో నిందితుడికి వకీలు, వైద్యుడు, పునరావాసం అన్నీ ఉండి, బాధితురాలికి రానూపోనూ ప్రయాణ ఖర్చు తప్ప చెప్పుకోదగ్గది లేకపోతే ఆ లెక్క ఎవరికి అర్థమవుతుంది?

కోర్టు బాధితుల ఊరికి రావాలన్న పట్టుదల మాకు కొత్త కాదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు, ఆ ఊరివాళ్లు ప్రత్యేక కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని ఏళ్ల తరబడి పోరాడి సాధించారు. 2007లో అక్కడే 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. చుండూరుకూ రువాండాకూ పోలిక పెట్టడం లేదు, పరిమాణంలోనూ స్వభావంలోనూ అవి వేరు. ఊరి మధ్య కోర్టు కూర్చున్నంత మాత్రాన కథ సుఖాంతం కాదని మాకు అనుభవంలో తెలుసని చెప్పడానికే ఎత్తాను.

రువాండా ఊళ్లలో కోర్టులు నిజంగానే గడ్డి మీద కూర్చున్నాయి. మారణకాండ ముగిసేసరికి దేశంలో బతికి ఉన్న న్యాయమూర్తులు, వకీళ్లు చాలా తక్కువ మంది. కొద్ది ఏళ్లలో జైళ్లలో లక్షా ఇరవై వేల మంది నిండిపోయారు. మామూలు కోర్టుల వేగంతో అయితే వందేళ్లు దాటుతుందని లెక్కలు వేశారు. అప్పుడు పాతకాలపు ఊరి పంచాయతీ అయిన గచాచాకు కొత్త చట్టం తొడిగారు. 2001 అక్టోబరులో ఊళ్లవాళ్లు తమలోంచి రెండున్నర లక్షల మందిని తీర్పరులుగా ఎన్నుకున్నారు. వాళ్లకు జీతం లేదు, న్యాయశాస్త్రం చదువు లేదు, మచ్చలేని మనిషి అన్న పేరుంటే చాలు. వారానికొక రోజు పొలం పనులాపి చెట్టు కింద చేరేవారు. 2012 జూన్ 18న మూసేసే నాటికి సుమారు పన్నెండు వేల గచాచాలు దాదాపు 19 లక్షల 60 వేల కేసులు తేల్చాయి.

గచాచాను ఆకాశానికి ఎత్తేవారూ ఉన్నారు, కొట్టిపారేసేవారూ ఉన్నారు. నాకు రెండూ సరిపడవు. నిందితుడికి వకీలు లేడు. పాత కక్షలతో పెట్టిన కేసులున్నాయి. సాక్ష్యం చెప్పబోయినందుకు ప్రాణాలు పోయినవారున్నారు. హంతక ప్రభుత్వాన్ని ఓడించి అధికారంలోకి వచ్చిన, టుట్సీల నాయకత్వంలోని రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ సైనికులు చేసిన హత్యలను గచాచా పరిధిలోకి రానివ్వలేదు. అలా చనిపోయిన హుటూల కుటుంబాలు ఏ చెట్టు కిందా తమ మాట చెప్పుకోలేకపోయాయి. అరూషాలో మీ ట్రిబ్యునల్ కూడా ఆ వైపు ఒక్కరిపైనా కేసు పెట్టలేదు, ఈ విషయంలో ఇద్దరూ ఇద్దరే. ఇవన్నీ నిజం. మరో నిజం ఏమిటంటే, కన్నవాళ్లను ఎక్కడ పాతిపెట్టారో తెలియని వేలాది మందికి ఆ చోటు తెలిసింది గచాచాలోనే. నేరం ఒప్పుకొంటే శిక్ష తగ్గుతుంది, ఒప్పుకోలు చెల్లాలంటే శవం ఎక్కడుందో చెప్పాలి. ఫలానా మరుగుదొడ్డి గుంతలో, ఫలానా అరటితోట గట్టు కింద అని చెప్పించింది ఆ నిబంధన. అయినా చెప్పనివాళ్లు ఉండిపోయారు. 2018లో కిగాలీ శివార్లలో, 2023లో హుయే జిల్లాలో ఇళ్ల కింద, పెరళ్లలో గుంతలు బయటపడి వాటిలోంచి వందలు, వేలల్లో అస్థికలు తీశారు. ఆ ఇళ్లలో ఇన్నేళ్లూ వంట చేసుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు. చుట్టుపక్కలవాళ్లలో తెలిసినవారూ ఉన్నారు.

మీరు గచాచాలో చూడాల్సింది మరొకటి ఉంది. ఆ 19 లక్షల 60 వేల కేసుల్లో 13 లక్షలకు పైగా ఆస్తికి సంబంధించినవి. అంటే మూడింట రెండు వంతులు. ఇంటి పైకప్పు పెంకులు, తలుపులు, కిటికీ చెక్కలు, రేకులు, ఆవులు, మేకలు, కోతకొచ్చిన పంట. మనుషుల్ని చంపాక ఇంటిని ఎముకలదాకా ఒలిచారు. తీర్పరులు ఓపికగా జాబితాలు రాశారు, ఎవరు ఎంత కట్టాలో తేల్చారు. కట్టాల్సినవాడు జైలు నుంచి చిరిగిన చొక్కాతో వచ్చిన కూలీ, కట్టించుకోవాల్సింది అదే గట్టు మీద ఒంటరిగా బతికే విధవరాలు. వాడి దగ్గర ఏమీ లేదని ఆమెకు తెలుసు. చాలామంది ఎంతో కొంతకు రాజీపడ్డారు, చాలామంది వదిలేసుకున్నారు, ఇంకెన్నో తీర్పులు అమలుకాకుండా కాగితం మీదే ఉన్నాయి. ప్రాణానికి గానీ, శరీరానికి జరిగిన హింసకు గానీ గచాచా చట్టంలో పరిహారమే లేదు. 1996 తర్వాత మామూలు కోర్టులు కొన్ని కేసుల్లో పెద్ద మొత్తాలు ఇవ్వాలని తీర్పులిచ్చాయి, అవీ వసూలు కాలేదు. పరిహార నిధి చట్టం ముసాయిదా దశ దాటలేదు. ప్రభుత్వం 1998లో పెట్టిన సహాయ నిధికి ఏటా దేశీయ ఆదాయంలో 5 శాతం కేటాయించింది. పేద దేశం చేసిన పెద్ద పనే అది. దాంతో అనాథలు చదువుకున్నారు, ఇళ్లు కట్టారు, వైద్యం చేయించారు. కానీ అది అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం. నీకు జరిగిన నష్టానికి నీకు రావాల్సింది ఇదీ అని ఎవరూ ఎవరికీ చెల్లించలేదు.

మరి వాళ్లు ఎలా నిలబడ్డారు? ఎక్కువగా ఒకరినొకరు పట్టుకొని. 1995 జనవరిలో యాభై మంది విధవరాళ్లు కలిసి అవేగా సంఘం పెట్టారు. మొదట వాళ్లు చేసింది కూర్చొని ఏడవడానికి ఒక గది చూసుకోవడం. తర్వాత అదే గది వైద్యశాల అయింది, వకీలు ఆఫీసు అయింది. అప్పటి ఆచారం ప్రకారం ఆడవాళ్లకు భూమిపై వారసత్వం లేదు. మొగుడు, కొడుకులు, అన్నదమ్ములు అందరూ పోయాక పొలం ఎవరో దూరపు మగ చుట్టానికి పోయేది. మహిళా సంఘాలు పట్టుబట్టగా 1999 నవంబరులో చట్టం మారి కూతుళ్లకూ సమాన వారసత్వ హక్కు వచ్చింది. ఆ చట్టం వెనుక హుటూ స్త్రీలూ ఉన్నారు, లాభం వాళ్లకూ దక్కింది. కలిసి బతకడం గురించి మీరు పెట్టే సదస్సులకన్నా ఆ పొలం గట్టు కాగితం ఎక్కువ పని చేసిందని నా నమ్మకం.

బుటారే విశ్వవిద్యాలయంలో 1996లో కొద్దిమంది అనాథ విద్యార్థులు చేసిన పని చూడండి. ఒక్కో గుంపు ఒక్కో కుటుంబంగా ఏర్పడి తమలోనే ఒకరిని నాన్నగా, ఒకరిని అమ్మగా ఎన్నుకున్నారు. ఇరవై ఏళ్ల నాన్నకు పద్దెనిమిదేళ్ల పిల్లలు! జ్వరమొస్తే ఆ నాన్నే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఫీజు కట్టకపోతే ఆ అమ్మే ఆఫీసు చుట్టూ తిరగాలి. పెళ్లి కుదిరితే పెద్దల స్థానంలో వాళ్లే నిలబడి మాట్లాడాలి. ఈ పద్ధతి దేశమంతా బడులకు, కళాశాలలకు పాకింది. ఇది గొప్ప సంగతే. అయితే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకునే ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. మెచ్చుకోలు ఖర్చులేని పని.

ఇప్పుడు నా కారణం. 1990లలో రాజంపేటలో నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడిని. పాత కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవారు అప్పటికే ఎందరో. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లో దిగాక వాళ్లంతా కట్టుబట్టలతో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్షన్నరకు పైగా భారతీయులను వెనక్కి తెచ్చాయి. కొన్నాళ్లకు పరిహారం ఫారాలు వచ్చాయి. మా ఇన్‌స్టిట్యూట్ అరుగు మీద పొద్దున్నే జనం. 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య కువైట్ గానీ ఇరాక్ గానీ వదిలి వచ్చినట్టు చూపించాలి. ఇళ్లలో పనిచేసిన ఆడవాళ్ల పాస్‌పోర్టులు యజమానుల బీరువాల్లోనే ఉండిపోయాయి. రాయబార కార్యాలయం ఇచ్చిన ఒంటి కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి, చీర చెంగులోంచి తీసి ఇచ్చేవారు. అందులో పేరు ఒక రకంగా, రేషను కార్డులో ఇంకో రకంగా. దానికొక స్టాంపు కాగితం, దాని మీద ప్రమాణ పత్రం. చదువు రాని మనిషి వేలిముద్ర వేసిన కాగితం జెనీవా దాకా పోయి, అక్కడెవరో చదివి, డబ్బు పంపిస్తారంటే మేమే నమ్మలేదు.

పంపించారు. చాలా ఏళ్లు పట్టింది, తిట్టుకుంటూ ఎదురుచూశారు, చివరికి వచ్చింది. వెళ్లిపోవాల్సి వచ్చినందుకు మనిషికి 2,500 డాలర్లు, ఇక వేరే దావా వేయనంటే 4,000. ఆ డబ్బుతో బోరు వేయించినవారున్నారు, అప్పు తీర్చినవారున్నారు, కూతురి పెళ్లి చేసినవారున్నారు. ఆ నిధి పెట్టింది ఎవరు? మీరే. 1991 ఏప్రిల్‌లో 687వ తీర్మానంతో. ఇరాక్ అమ్మిన చమురు సొమ్ములో మొదట 30 శాతం, తర్వాత 25, ఆపైన 5, చివరికి 3 శాతం కోసుకుంటూ 2022 దాకా నడిపారు. దాదాపు వంద ప్రభుత్వాల నుంచి 27 లక్షల దావాలు స్వీకరించి, 15 లక్షలకు పైగా దావాలకు మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించారు. ఆ పథకంలో చావుకు కూడా పట్టిక ఉంది: భార్యో భర్తో, బిడ్డో, తల్లో తండ్రో చనిపోతే 2,500 డాలర్లు, కుటుంబానికి 10,000 దాకా. లక్షల మంది నిరుపేదల కాగితాలను ఒక్కొక్కటిగా విచారించకుండా, ఒకే నమూనాగా పరిశీలించి స్థిర మొత్తాలు ఇచ్చే పద్ధతి మీ దగ్గర రువాండాకు మూడేళ్ల ముందే ఉంది. కాబట్టి ఎలా చేయాలో తెలియదు అనకండి. మా అరుగు మీద కూర్చున్నవాళ్లు మీకు సాక్షులు.

ఇరాక్ దురాక్రమణ చేసింది కాబట్టి ఇరాక్ సొమ్ము ఇప్పించాం, రువాండాలో ఎవరి సొమ్ము ఇప్పించాలి అని మీలో ఎవరైనా అనవచ్చు. సరైన ప్రశ్నే. చంపించిన ప్రభుత్వం 1994 జూలైలో పారిపోతూ కేంద్ర బ్యాంకులోని డబ్బు పక్క దేశం జైర్‌కు (ఇప్పటి కాంగో) పట్టుకుపోయింది. వెనక మిగిలింది దాదాపు వంద కోట్ల డాలర్ల విదేశీ అప్పు. కత్తులు, తుపాకులు కొన్న కాలంలో పేరుకున్న అప్పది. బతికి బయటపడ్డవాళ్ల దేశమే దాన్ని ఏళ్ల తరబడి మోసింది, మాఫీ ఆ తర్వాతెప్పుడో వచ్చింది. హంతకుల అప్పు బాధితులకు వారసత్వంగా వస్తుంది గానీ, హంతకులను ఆపగలిగి ఆపని వాళ్ల బాధ్యత మాత్రం ఎవరికీ రాదా? చమురు బావి లేని చోట పరిహారం ఉండదన్నది న్యాయసూత్రమైతే ఆ మాట బాహాటంగా చెప్పండి. ఐక్యరాజ్య సమితి విఫలమైందని మీ విచారణే రాసినప్పుడు ఆ లెక్కలో కొంత సమితి బడ్జెట్ మీద పడాలి. సైన్యాన్ని వెనక్కి రప్పించిన దేశాలు, చేతులెత్తి ఓటేసిన దేశాలు, ముఖ్యంగా అయిదు శాశ్వత సభ్య దేశాలు విడిగా మరికొంత ఇవ్వాలి. దోషులుగా తేలినవారి ఆస్తులు ఎక్కడ దొరికినా అందులో జమ కావాలి.

రువాండాకు మేం అభివృద్ధి సాయం ఎంతో ఇస్తున్నాం అన్న జవాబూ వినిపిస్తుంది. రోడ్డు వేస్తే ఆ రోడ్డు మీద చంపినవాడూ నడుస్తాడు, చంపబడ్డవాళ్ల కూతురూ నడుస్తుంది. నడవాలి కూడా. అది రెండో పని, పరిహారం మొదటి పని. ప్రభుత్వం చేతికి డబ్బిస్తే కిగాలీలో విమర్శించే గొంతులకు చోటు తక్కువ కదా అన్న భయం కూడా ఉంది. అది నాకూ ఉంది. అందుకే మధ్యలో మంత్రిత్వ శాఖలు లేకుండా నేరుగా మనిషి ఖాతాలో పడాలి. కువైట్ నిధి పరిశీలనను జెనీవాలో వేరే కమిషన్ చేసినట్టే ఇక్కడా చేయవచ్చు. బాధితుల సంఘాలకు అందులో కుర్చీలుండాలి. 1994లో నష్టపోయిన ఏ జాతివారైనా అర్జీ పెట్టుకునే వీలుండాలి, లేకపోతే అది ఇంకో అన్యాయానికి విత్తనమవుతుంది.

ట్రిబ్యునల్ దస్తావేజుల సంగతి ఒక్క మాటలో చెబుతాను. వాటి సొంతదారు ఐక్యరాజ్య సమితి అని నియమం రాసుకున్నారు. ఉండనివ్వండి. రహస్య సాక్షుల పేర్లు కాపాడుతూ, మిగతాదంతా కిన్యార్వాండా భాషలో, కిగాలీలో, ఎవరైనా వెళ్లి చదువుకునేలా ఒక పూర్తి ప్రతి పెట్టండి. తన తండ్రి చావు గురించి ఒక సాక్షి ఏం చెప్పాడో తెలుసుకోవడానికి కూతురు పరాయి భాష నేర్చుకోవాల్సిన పనిలేదు.

ఈ ఉత్తరం ప్రతిని మా భారత ప్రభుత్వానికీ పంపుతున్నాను. మండలిలో శాశ్వత స్థానం అడుగుతున్న దేశం మాది. జాతిహనన ఒప్పందాన్ని 1959లోనే ధ్రువీకరించి కూడా దానికి తగిన చట్టం ఇప్పటిదాకా చేయని దేశం కూడా మాదే. చట్టం సంగతి మేం ఇక్కడ మా పార్లమెంటుతో తేల్చుకుంటాం. కువైట్ పరిహారం అందుకున్న ఎన్నో కుటుంబాలున్న దేశంగా రువాండా బాధితుల తరఫున ఈ మాట ఎత్తే అర్హత మాత్రం ఢిల్లీకి మిగతావాళ్లకన్నా ఎక్కువే ఉంది.

1994లో ముప్పై అయిదేళ్లున్న ఆడమనిషికి ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. కువైట్ డబ్బు వచ్చేసరికే మా దగ్గర కొందరు పోయారు, వారసుల పేర్ల మీద మళ్లీ కాగితాలు పెట్టాల్సి వచ్చింది. రువాండాలో ఎంతోమందికి వారసులే లేరు. అరూషా యంత్రాంగం గురించి తదుపరి తీర్మానం ముసాయిదా రాసేటప్పుడు 2000 నవంబరు నాటి లేఖను బయటకు తీయండి. పరిహార నిధి పెడుతున్నామని గానీ, పెట్టడం లేదని, అందుకు కారణం ఇదని గానీ ఒక పేరా రాయండి. ఏ దేశం ఎటు ఓటేసిందో మేం పేరుపేరునా చదువుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత టైపు మాస్టారు,
రాజంపేట.